తెలుగునకు పరాయివారెవరు?

గత మాసమున నందివాడ ప్రాంతమున చేపల చెరువుల గట్లమీద కొంతదూరము నడచుపని మాకు తటస్థించెను. ఒకప్పుడు వరిచేలుగానున్న నేల నేడు కనుచూపుమేర చెరువులమయమైనది. ఒక చెరువులో పడవమీద నిలిచి గెడలకు మేతసంచులు కట్టుచున్న పనివాడు గట్టుమీది కాపలాదారుతో మాటలాడుచుండెను. "తవుడు అయిపోవచ్చింది మావా, రేపటికి చెక్క ఉందో లేదో చూడు. శీలావతి బాగానే తింటోంది. బొచ్చె పైకొచ్చి నోరు తెరుస్తోంది, గాలి చాలటంలేదు" అని అతడనుట మాకు వినబడెను. పలుకుబడి కొంచెము వేరుగా తోచి ఏ ఊరని అడిగితిమి. ఒడిసాలో బాలాసోరు దిక్కువాడట. ఇచ్చటికి వచ్చి నాలుగేండ్లయినదట. తెలుగెవరు నేర్పిరని ప్రశ్నించితిమి. "ఎవరు నేర్పుతారండీ, పనే నేర్పింది" అని నవ్వెను.

ఆ సాయంకాలమే గుడివాడలో మాకు చిరపరిచితమైన ఒక గృహమునకు పోయితిమి. ఆ యింటి పెద్దకును నందివాడ దిక్కున చెరువులున్నవి. ఎనిమిదేండ్ల మనుమడు ఎదురుగా వచ్చినప్పుడు "ఏం బాబూ, ఏం చదువుతున్నావు?" అని అడిగితిమి. పిల్లవాడు తల్లి ముఖము చూచెను. ఆమె చిరునవ్వుతో "వాడికి తెలుగు అంతగా రాదండీ, స్కూల్లో మాట్లాడనివ్వరు" అనెను. తాతగారి చెరువులలో పెరుగు శీలావతి పేరుగాని, బొచ్చె పేరుగాని ఆ బాలుడెరుగడు. వానికి అన్నియు ఫిష్షులే.

ఆ చిరునవ్వే నేటి మా వ్యాసమునకు విషయము. ఆమె చదువుకొన్న యిల్లాలు, మర్యాదస్థురాలు. బిడ్డ మేలు కోరినదే గాని వేరు ఎరుగదు. ఆమెపై నేరము మోపుటకు మాకు మనసొప్పదు. కాని లెక్కలు రావని చెప్పవలసివచ్చినప్పుడు ఏ తల్లియు నవ్వదు. తెలుగు రాదని చెప్పునప్పుడు మాత్రము ముఖము వికసించుచున్నదే, ఇది ఎచ్చటనుండి వచ్చినది?

పరాయివారు వచ్చి తెలుగును పాడుచేసిరని మనము చిన్ననాటినుండి వినుచున్నాము. వినుట కింపుగానే యుండును. దొంగ ఇంటివెలుపలివాడని తేలిన ఎవరికి సంతోషము కాదు? కాని మన కృష్ణాతీరపు చరిత్ర వేరొక సాక్ష్యము పలుకుచున్నది. సముద్రమువైపు వాకిలి తెరచికొన్న నేల యిది. 1611లో ఇంగ్లీషు కంపెనీవారు బందరు రేవున దిగిరి. డచ్చివారు అంతకు ముందే యుండిరి, ఫ్రెంచివారు తరువాత వచ్చిరి. వారు మనలను జెంటూలనిరి, మన భాషను జెంటూ భాష యనిరి. బేరసారములకు దుబాసీలను పెట్టుకొని తమ పని తాము చూచుకొనిరి. ఆ కంపెనీ కొలువులోనివాడే చార్లెసు ఫిలిప్పు బ్రౌను. కడపలో తెలుగు నేర్చి, మచిలీపట్టణమునను రాజమహేంద్రవరమునను ఉద్యోగము చేయుచు, సొంత సొమ్ముతో పండితులను పోషించి, చెదలపాలగుచున్న తాళపత్రములకు ప్రతులు వ్రాయించెను. 1829లో వేమన పద్యములను అచ్చొత్తించెను. 1852లో తెలుగు నిఘంటువును వెలువరించెను. ప్రజలనేలుటకు ప్రజలభాష కావలసియుండెను గనుక చేసెనందురు. కావచ్చును. జీతమునకు చేయు పని అంత యుండదని మాత్రము జీతమునకు పనిచేయు వారందరు ఎరుగుదురు. అప్పటి మన పండితులలో పెక్కురు వేమనను కవిగానే లెక్కింపలేదనునది మరువరాదు.

ఇంకను వెనుకకు పోదము. దివిసీమకు ఎగువ కృష్ణయొడ్డున శ్రీకాకుళ గ్రామము కలదు. తుళువ వంశపు రాజు, కర్ణాట సామ్రాజ్యాధిపతి, ఆ గ్రామమున ఆంధ్రమహావిష్ణువు సన్నిధిని ఉపవసించి, తెలుగున కావ్యము వ్రాయుమని కలలో ఆజ్ఞ పొందినట్లు ఆముక్తమాల్యద పీఠికలో చెప్పుకొనెను. ఆ ఊరికి సమీపముననే మొవ్వ. మొవ్వవాడైన క్షేత్రయ్య పదములను కావేరీతీరమున తమిళులు తెలుగుననే పాడి అభినయించిరి. నేటికిని చెన్నపట్టణమున తెలుగు మాటలాడుట రాని గాయకులు త్యాగరాజ కృతులను తమ లిపిలో వ్రాసికొని, అర్థమడిగి తెలిసికొని, సభలలో పాడుచున్నారు. వీరిలో ఎవరు తెలుగునకు పరాయివారు?

బయటివారందరును మిత్రులని మా యభిప్రాయము కాదు. 1835లో మెకాలే దొర, సంస్కృతముగాని అరబ్బీగాని తనకు రాదని ఒప్పుకొనుచునే, మన దేశపు వాఙ్మయమంతయు ఐరోపా పుస్తకముల ఒక్క అరకు సరిపోలదని తీర్పు చెప్పెను. అట్టివారి తిరస్కారము మనకు కొత్త కాదు. విచిత్రమేమనగా, వారి తిరస్కారమును నమ్మినట్లే వారి పొగడ్తను కూడ మనము వెదకికొనుచున్నాము. తెలుగు తూర్పుదేశపు ఇటలీ భాషయని ఎవరో పాశ్చాత్యుడనెనట! ఆ మాటను ఉదాహరింపని తెలుగు సభ లేదు, అధ్యక్షుడు లేడు. ఇటలీ దేశస్థుడెవడైనను తనది పశ్చిమదేశపు తెలుగని చెప్పుకొని మురియుట మేము వినలేదు. పొగడినను తెగడినను మన భాష వెల మరియొకడు కట్టవలెననుకొనుటయే దాస్యము.

ఈ రోగము మనకే పుట్టినది కాదు. ఇంగ్లండునకు పడమట, అదే ద్వీపమున, వేల్సు అను చిన్నదేశము కలదు. దాని భాష వెల్షు. 1847లో అచ్చటి బడుల స్థితిని విచారించుటకై నియమితులైన ముగ్గురు ఇంగ్లీషు కమిషనర్లు తమ నివేదికను సమర్పించిరి. ముగ్గురిలో ఒక్కనికిని వెల్షు రాదు. ప్రజల అజ్ఞానమునకును నీతిభ్రష్టతకును ఆ భాషయు ఒక మూలమని వారు వ్రాసిరి. నీలిరంగు అట్టలతో వెలువడిన ఆ నివేదికకు వెల్షువారు నీలి పుస్తకముల ద్రోహమని పేరు పెట్టిరి. ఆగ్రహము కలిగెను, సభలు జరిగెను, పత్రికలు మండిపడెను. కాని ఇంటికి పోయిన పిదప తండ్రులు ఆలోచించినదేమి? ఇంగ్లీషు వచ్చిననే బిడ్డ పైకి వచ్చునని. ఆ శతాబ్దమున అచ్చటి పలు బడులలో ఒక శిక్ష యుండెను. వెల్షు పలికిన పిల్లవాని మెడలో ఒక చెక్కబిళ్ల తగిలింతురు. వాడు వెల్షు పలికిన మరియొకనిని పట్టి యిచ్చిన బిళ్ల వానికి పోవును. సాయంకాలమునకు ఎవని మెడలో మిగిలిన వానికి బెత్తము దెబ్బలు. ఆ బిళ్ల కట్టినవాడు లండనునుండి దిగిన దొరయని తలపకుడు. పెక్కుచోట్ల వాడు వెల్షు ఉపాధ్యాయుడే. తలిదండ్రులును కాదనలేదు.

ఎంత క్రూరమని పాఠకులనుకొందురు. 2009లో మన కడప జిల్లా మైదుకూరులో ఒక ప్రైవేటు బడియందు, తెలుగు మాటలాడినందులకు చిన్నపిల్లల మెడలో, ఇక తెలుగు మాటలాడనని ఇంగ్లీషున వ్రాసిన పలకలు వ్రేలాడదీసిరి. దొరలు దేశము విడిచి అప్పటికి అరువదిరెండేండ్లు. ఆ పలక కట్టిన చేయి ఏ దేశపుది?

వేల్సు కథలో మనకు కావలసినది ఇంకను కలదు. అచ్చటి దుకాణములలో తాము అడుగుపెట్టగానే తమకు తెలియకుండుటకై జనులు వెల్షులోనికి మారుదురని బయటినుండి వచ్చినవారు ఫిర్యాదు చేయుట పరిపాటి. అంతకుముందునుండియు వారు ఆ భాషయే మాటలాడుచుండిరని వచ్చినవానికి తోచదు. మనయొద్ద ఇందుకు విపరీతము. ఇద్దరు తెలుగువారు మాటలాడుకొనుచుండగా మూడవవాడు చక్కని చొక్కా తొడిగి వచ్చెనేని, వాడును తెలుగువాడే యైనను, సంభాషణ ఇంగ్లీషునకు ఎక్కును. వానిని గూర్చి ఫిర్యాదు చేయువాడు లేడు.

1952లో ఆ దేశమున లాన్‌గెన్నెక్ అను ఊరిలో ట్రెవర్ బీస్లీ అను బొగ్గుగని కార్మికుడును అతని భార్య ఐలీనును, ఇంటిపన్ను తాఖీదు తమ భాషలో పంపిననే గాని పన్ను కట్టమని చెప్పిరి. కోర్టునకు పలుమారు ఈడ్చిరి. ఇంటి సామాను జప్తుచేసిరి. ఎనిమిదేండ్లు గడచెను. 1960లో వెల్షు తాఖీదు వచ్చెను. 1962లో సాండర్సు లూయిసు అను రచయిత రేడియో ఉపన్యాసమున ఆ దంపతులనే ఉదాహరించి, కవిత్వముతో కాదు, కచేరీలో మొండితనముతో భాష నిలుచునని తన జాతికి చెప్పెను. యువకులు కదలిరి. 1967లోను 1993లోను చట్టములు వచ్చెను. 1982లో ఆ భాషకే ప్రత్యేకమైన టెలివిజను వచ్చెను. 2011లో వెల్షునకు అధికారహోదా కలిగెను. ఇంత చేసినను 2021 జనాభా లెక్కలలో ఆ భాష వచ్చినవారు 5 లక్షల 38 వేలు మాత్రమే. అంతకు పదేండ్ల మునుపటి లెక్కకంటె తక్కువ. పోయినదానిని తెచ్చుకొనుట ఎంత కష్టమో ఆ లెక్కయే చెప్పుచున్నది.

మన లెక్క వేరు. 2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషగా చెప్పినవారు 8 కోట్ల 11 లక్షలు. 1966 నాటి అధికారభాషా చట్టము మనకు కలదు. 2008లో వచ్చిన ప్రాచీనభాషా బిరుదము కలదు. దివిసీమ బిడ్డడైన మండలి వెంకటకృష్ణారావు విద్యామంత్రిగా నుండి 1975లో హైదరాబాదున జరిపించిన ప్రపంచ తెలుగు మహాసభల కీర్తి కలదు. బీస్లీ దంపతులవంటి ఇల్లు ఒక్కటి మాత్రము మాకు కనబడుటలేదు.

ఇటీవల మేమొక కార్యాలయమున అర్జీని తెలుగున వ్రాసి యిచ్చితిమి. ఏ కార్యాలయమో చెప్పము, అన్నియు ఒకటియే. గుమాస్తా దానిని అటునిటు త్రిప్పి, ఇంగ్లీషున వ్రాసి తెమ్మనెను. తెలుగు మీకు రాదా యని అడిగితిమి. వచ్చునట. ఫారము ఇంగ్లీషున నున్నది గనుక జవాబును ఇంగ్లీషున నుండవలెనట. అతనితో వాదించుచుండగా మా వెనుక వరుసలో నిలిచిన పెద్దమనిషి, "ఎందుకండీ ఈ గొడవ, ఇంగ్లీషులో రాసేస్తే పోతుందిగా, మా పనులు ఆగిపోతున్నాయి" అనెను. గుమాస్తా మాట మాకు నొప్పి కలిగింపలేదు. ఆ పెద్దమనిషి మాట కలిగించెను. ఆయనను మేము తెలుగు సభలలో ముందువరుసలో చూచియున్నాము.

మొండితనము మన బందరునకు తెలియనిది కాదు. బందరున వైద్యము చేసిన పట్టాభి సీతారామయ్య జాబులపై చిరునామాలు తెలుగుననే వ్రాసెడివాడు. అట్లు వ్రాసిన జాబులను చెన్నపట్టణపు డెడ్ లెటర్ ఆఫీసునకు పంపుదుమని తపాలావారు బెదరింపగా, అయినచో బందరునను అట్టి ఆఫీసు నొకదానిని తెరువుడని ఆయన బదులు చెప్పెనని చెప్పుకొందురు. ఇంగ్లీషు రానివాని పట్టుదలగా దీనిని కొట్టివేయ వలనుపడదు. 1935లో కాంగ్రెసు చరిత్రను ఇంగ్లీషున వ్రాసినవాడాయన. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను బందరున నిలిపిన కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు ప్రభృతులును ఇంగ్లీషు చదువు చదివినవారే. ఇంగ్లీషు వచ్చుట వేరు, తెలుగు రాకుండుట వేరు. రెండవది మొదటిదానికి చెల్లింపవలసిన వెల కాదు.

ఆ పట్టాభి 1923లో బందరున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిలు 1వ తేదీన యూనియను బ్యాంకులో లీనమైనది. ఆంధ్రయను పేరు పోయెనని నాడు వాపోవనివారు లేరు. మేమును వాపోయితిమి. కాని పేరు పోకముందు ఆ తొంబదియారేండ్లలో, మనలో నెందరు తెలుగున చెక్కు వ్రాసిరి? పేరు బోర్డుమీద నున్నంతకాలము భాష మన చేతిలో లేదు. బోర్డు దిగినపిదప భాషకొరకు ఏడ్చితిమి.

ఇక బడిమాట. ఇచ్చట మేము జాగ్రత్తగా మాటలాడవలసియున్నది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 81వ నంబరు ఉత్తరువున సర్కారు బడులలో బోధన ఇంగ్లీషున జరుగవలెననెను. 2020 ఏప్రిలులో హైకోర్టు దానిని కొట్టివేసెను. ఆ నడుమ తెలుగు పక్షమున గొంతెత్తినవారిని పేదవాడు ఒకే ప్రశ్న అడిగెను: అయ్యా, మీ పిల్లలేబడిలో చదువుచున్నారు? దానికి జవాబు రాలేదు. మేమును ఈయలేము. ఈ పత్రికవారి ఇండ్ల పిల్లలును ఇంగ్లీషు బడులకే పోవుచున్నారు. తరతరములుగా తెలుగక్షరమునే దక్కనీయనివారి మనుమలు నేడు ఇంగ్లీషక్షరమునకు అడ్డము నిలిచి మాతృభాషా మహిమను వర్ణించిరేని, పల్లెలోని దళితుడు నమ్మడు. నమ్మవలసిన పనియు లేదు. ఇంగ్లీషు కావలెనను అతని కోరిక తెలుగుపై ద్వేషము కాదు. మనము రహస్యముగా అనుభవించుచున్నదానిలో భాగమడుగుట.

అయినను ఆ పేదవానికి ఇంగ్లీషు ఇచ్చితిమా యన్నచో అదియు లేదు. ఇంగ్లీషు రాని ఉపాధ్యాయుడు ఇంగ్లీషు రాని పిల్లవానికి ఇంగ్లీషు పుస్తకమునుండి గణితము చెప్పుచున్న తరగతిలో ఒకసారి కూర్చుండి చూడుడు. ఆయన వ్రాయును, వాడు చూచి వ్రాయును, ఉభయులును ఊరకుందురు. పిల్లవానికి తెలిసిన మాటలతో లెక్క బోధించి, ఇంగ్లీషును ఇంగ్లీషుగా, తగిన గురువుచేత, ప్రతిదినము నేర్పుట అసాధ్యము కాదు. దానికి గురువులు కావలెను, సొమ్ము కావలెను. మాధ్యమమును ఉత్తరువుతో మార్చుటకు కాగితము చాలును.

మరియొక దోషము మన డెల్టావారిది ప్రత్యేకముగా కలదు. పాఠకులు నొచ్చుకొన్నను చెప్పక తప్పదు. కృష్ణా గుంటూరుల పలుకుబడియే తెలుగనియు తక్కినది యాసయనియు మనము నిర్ణయించుకొంటిమి. 1921లో హైదరాబాదు వివేకవర్ధని నాటకశాలలో జరిగిన సంఘసంస్కార సభయందు ఆలంపల్లి వెంకటరామారావు తెలుగున మాటలాడ లేవగా సభికులు ఎగతాళి చేసిరి. ఆ అవమానమునుండియే ఆంధ్ర జన సంఘము పుట్టెను. ఆ నవ్వినవారు అన్యభాషీయులు. తెలంగాణమున కవులు లేరని వ్రాసినవాడు మాత్రము తెలుగువాడే. 1934లో సురవరము ప్రతాపరెడ్డి 350 మందికి మించిన కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించి వానికి సమాధానము చెప్పెను. అటుపిమ్మటనైనను మనకు బుద్ధి వచ్చెనా? దశాబ్దములపాటు మన చలనచిత్రములలో తెలంగాణపు మాట దుష్టునికిని విదూషకునికిని దక్కెను. ఉత్తరాంధ్ర పలుకు పనివాని నోటను నవ్వులకొరకు వినబడెను. తెలంగాణము నేడు తన భాషాదినమును కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9న వేరుగా జరుపుకొనుచున్నదని కొందరు నొచ్చుకొందురు. ఇంగ్లీషువాడు వెల్షువానిని చూచినట్లు మన తోబుట్టువులను మనమే చూచితిమి. ఈ విషయమున పరాయివారము మనమే.

గిడుగు రామమూర్తి జన్మదినమని ఆగస్టు 29న మన పట్టణములలో సభలు జరుగును. దండలు, శాలువలు, దీపారాధన, తుదకు వందన సమర్పణ. రాబోవు ఆగస్టున గుడివాడ, బందరు పఠనమందిరముల వారు ఒక్క సంవత్సరము ఆ సభ మానుకొనవలెనని కోరుచున్నాము. ఆ దినమున ఎవరికి వారు తమకు పనియున్న కార్యాలయమునకు తెలుగున వ్రాసిన కాగితముతో పోవలెను. త్రిప్పి పంపిన, మరునాడు అదే కాగితముతో మరల పోవలెను. వరుసలో వెనుక నిలిచినవారు తొందరపెట్టక, తామును అట్టి కాగితమునే చేతబట్టియుండవలెను. గుమాస్తాను తిట్టవలదు, అతడును మన ఊరివాడే.

శాలువల సొమ్ము మిగులును గదా. దానికిని పని కలదు. నందివాడ గట్టుమీద మాతో మాటలాడిన ఆ ఒడిసా పనివాడు మేము వచ్చివేయునప్పుడు ఒక మాట అడిగెను. మాట వచ్చినది గాని అక్షరము రాలేదట. "బస్సు మీద బోర్డు చదువుకోగలిగితే చాలండీ, ప్రతిసారీ ఎవరో ఒకరిని అడగాల్సొస్తోంది" అనెను. అతనివంటివారు ఆ గట్లమీద పెక్కుమంది యున్నారు. సాయంకాలము మేత పని ముగిసినపిదప గంటసేపు చెప్పగలవారు గుడివాడలో ఎవరైన నున్నచో మాకు వ్రాయవలెను. గుడివాడ పిల్లవానిని కూడ సెలవుదినములలో అచ్చటికి పంపుమని ఆ యింటి పెద్దకు మేము ఇదివరకే చెప్పితిమి. పలకలు, బలపములు మేము పంపెదము.